రెండో సర్వర్‌ని నేనే తుడిపించాను

తొంభైల చివర్లో బిలాస్‌పూర్‌లోని ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగం చూసేదాన్ని. రోగుల వివరాలు జంటగా కలిపిన రెండు సర్వర్లలో ఉండేవి; ఒకటి ఆగినా రెండోది పనిచేస్తుంది. ఓ ఆదివారం, రెండు గంటలు మాత్రమే పని ఆపి, ఆ వివరాలను కొత్త భవనంలోని సర్వర్లకు మార్చాలి.

మొదటి సర్వర్ నుంచి అంతా కాపీ చేశాను. గంటన్నరలోనే ముగిసిందన్న సంబరంలో నా సహోద్యోగితో, "అప్పారావు గారూ, రెండోదాంట్లోనూ ఉన్నవి ఇవే, తుడిచేయండి" అన్నాను.

"ఓపాలి సూసుకోమ్మా" అన్నారాయన. వినలేదు; తుడిపించేశాను.

తీరా కొత్త సర్వర్‌లో తెరిచి చూస్తే, ఎనిమిది నెలల వివరాలు లేవు! మొదటి సర్వర్‌కు ఎప్పుడో రెండోదానితో సంబంధం తెగిపోయింది. కొత్త వివరాలన్నీ రెండోదాంట్లోనే చేరాయి. బ్యాకప్ టేపులూ మొదటిదాని నుంచి తీసినవే.

మర్నాడు ఊళ్లో స్థిరపడిన ఒక తెలుగు రైల్వే పింఛనుదారు భార్య, జ్వరంతో ఉన్న మనవరాలిని తీసుకొచ్చింది. "పిల్లకి ఏ సూది పడదో మీ మిషన్‌లోనే రాసినారు. సూడు తల్లీ" అంది.

లేదని తెలిసీ వెతికాను. "మిషన్ పాడైందమ్మా" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

డాక్టరు ఏ సూదీ వేయడానికి సాహసించక, పాపను రాయపూర్ పెద్దాసుపత్రికి పంపించారు. వెళ్తూ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఏడవకమ్మా, మిషన్ పాడైతే నువ్వేటి సేస్తావు?" అంది.

తప్పు నాదేనని ఆవిడకి ఆరోజు చెప్పలేకపోయాను. పాప ఏమైందో ఈనాటికీ తెలియదు.