ఏనుగులు కట్టని గుంజలు

కొత్త మనిషి ఎవరైనా మా గడప దగ్గర ఆగి "ఈ ఇల్లు ఎవరిదమ్మా?" అని అడిగితే మా అవ్వ "మాది" అనదు. "ఉంటున్నం బిడ్డా" అంటుంది. మేక ఎవరిదంటే "మేపుతున్నం" అంటుంది. చెవులకున్న గంటీలు బాగున్నాయని ఎవరైనా మెచ్చుకుంటే "పెట్టుకున్న" అని కొంగు నెత్తి మీదికి లాక్కుంటుంది. చిన్నప్పుడు నాకిది నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను, ఎవరైనా "మీది ఏ వీధి?" అని మామూలుగా అడిగినా ముందు "ఎందుకు?" అనే అంటున్నాను.

ఈ అలవాటు మాకు కృష్ణలో మునిగిన పాత ఊరి నుంచి వచ్చింది. డ్యాం కట్టే రోజుల్లో టేపులు పట్టుకుని మనుషులు వచ్చారట. ఈ ఇల్లు ఎవరిది, ఆ చింతచెట్టు ఎవరిది, బావి ఎవరిది అని అడిగారట. మావాళ్లు నవ్వు ముఖాలతో, పైగా కాస్త గొప్పగా, "మాది, అది కూడా మాదే" అని దగ్గరుండి చూపించారట. అట్లా చూపించినవన్నీ నీళ్ల కిందికి పోయాయి. అవ్వ దృష్టిలో ఊరిని ముంచింది నది కాదు, "మాది" అన్న మాట. దానికి ఎవరు ఎన్ని చెప్పినా ఆమె వినదు.

ఊరంతా పోయినా రెండు రాతి గుంజలు మాత్రం మిగిలాయి. నేత తెలియని వాళ్ల కోసం చెప్తాను. చీర మగ్గం మీదికి ఎక్కకముందు దాని నిలువు దారాలన్నీ వీధి పొడవునా చాపి, రెండు కొసలూ బిగించి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఆ చాపిన దారాలనే పడుగంటాం. అది కొంచెం వదులైనా గంజి ఒకచోట ముద్దకట్టి, తర్వాత మగ్గం మీద దారాలు పుటుక్కున తెగుతాయి. అందుకే పాత ఊర్లో నేతగాళ్ల వీధికి ఆ చివరొకటి ఈ చివరొకటి రాతి గుంజలు పాతుకున్నారు. ఊరు విడిచేటప్పుడు అందరూ తలుపులూ దూలాలూ లారీకి ఎక్కిస్తుంటే మావాళ్లు ముందు ఆ గుంజలను తవ్వి ఎక్కించారు. పట్నంలో ఇచ్చిన జాగాలో ఇళ్లు లేవకముందే గుంజలు లేచాయి.

రాష్ట్రం వచ్చింది, కొన్నాళ్లకు మా పట్నం జిల్లా అయింది. అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ చూడటానికి రాలేదు. ఉన్నట్టుండి పాత రాజుల కోటకు సున్నం పడింది, ఘాట్ దగ్గర పడవలు వచ్చాయి, వాటి పక్కనే చేపల వేపుడు బండ్లు వెలిశాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే మా పాత ఊరి గోడలు బయటపడతాయి. వాటినీ పడవలో తీసుకెళ్లి చూపించడం మొదలుపెట్టారు. ఎవరి వంటింట్లోనో నిలబడి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఫొటోలు దిగి వస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. పడవ దిగిన వాళ్లు మా వీధి మీదుగానే చీరల దుకాణాలకు పోతారు కాబట్టి ఆ మంట నాకు రోజూ ఉంటుంది.

ఒక ఉదయం షాపుకు బయలుదేరేసరికి మా గుంజ చుట్టూ ఇనుప కటకటాలు ఉన్నాయి. వీధి ఆ చివర గుంజకూ అంతే. చిన్న గేటు, దానికి తాళం, పక్కన నీలిరంగు బోర్డు. రాజావారి గజశాలలో ఏనుగులను కట్టిన స్తంభాలనీ, ముట్టరాదనీ ఆ బోర్డు మీద ఉంది. నేను చదువుతుండగానే మా బాపు పడుగును చుట్టగా భుజాన వేసుకుని వచ్చాడు. ఇంట్లో గంజి కాగి సిద్ధంగా ఉంది. కటకటాలను చూశాడు, బోర్డును చూశాడు, మళ్లీ పడుగును చూసుకున్నాడు.

"ఏనుగులా?" అన్నాడు.

ఆ రోజు కరెంటు స్తంభానికీ మునగచెట్టుకూ మధ్య కట్టాడు. మునగకొమ్మ వంగింది, పడుగు కుంగింది. తర్వాత వారమంతా మగ్గం మీద తెగిన దారాలు ముడివేస్తూనే గడిపాడు. వీధిలో ఇంకా నేస్తున్నవి నాలుగిళ్లే. ఆ నాలుగిళ్లకూ పడుగు చాపడానికి ఉన్న చోటు ఇదొక్కటే. పక్క వీధి నిండా కార్లు, అవతలి వీధిలో సిమెంటు ర్యాంపులు. ఇట్లా ఇంకో రెండు పడుగులు పాడైతే మగ్గం ఇప్పేస్తానని బాపు అన్నం తింటూ మామూలుగా అన్నాడు. ఆ మామూలు గొంతు వింటే నాకు భయం వేసింది.

ఈ ఏనుగుల కథ ఎవరో చెప్పి ఉంటారు. నా అనుమానం ఎదురింటి కాక మీదికి పోయింది. ఆయన మగ్గం తీసేసి ముందు గదిని చీరల దుకాణం చేశాడు. గుంజల దగ్గర జనం ఆగితే లాభం ఎవరికి? ఆయనకే. పైగా బోర్డు వచ్చిన మూడోనాటికే దుకాణం పేరు పక్కన ఏనుగు బొమ్మ వేయించాడు. ఇంతకన్నా ఏం కావాలి? పోయి గట్టిగానే అడిగాను.

"కాకా, గా ఏనుగుల ముచ్చట చెప్పింది నువ్వే కదా?"

"నేనెందుకు చెప్తనే? నా చేతులు గా గుంజకు పడుగు కట్టలేదా?"

"మరి బొమ్మెందుకు ఏయించినవ్?"

"బోర్డు పెట్టిండ్రు, ఏయించిన. నువ్వు నన్ను గట్ల చూడకు బిడ్డా. నేను మీ బాపే చెప్పిండనుకున్న."

నమ్మలేదు. షాపులో జిరాక్సులు తీస్తున్నా అదే ఆలోచన. పడవలవాడు కావచ్చు, గైడు కావచ్చు, చేపల బండి వాళ్లు కూడా కావచ్చు. చివరికి టూరిజం ఆఫీసులో బోర్డులు పెట్టించే సారే ఏదో కాగితం జిరాక్సుకని మా షాపుకు వచ్చాడు. కాగితం చేతిలోనే పట్టుకుని, ఇవ్వకుండా అడిగాను. ఆయన ఏ దాపరికం లేకుండా చెప్పాడు.

"మీ వీధిలోనే చెప్పిన్రమ్మా. వేపచెట్టు పక్కన గడప మీద ఒక ముసలవ్వ కూసుంటది చూడు, గామెనే. ఏనుగుల పేర్లు గూడ చెప్పింది."

వేపచెట్టు పక్కన ఉన్నది మా గడప.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాను. అవ్వ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"టేపు వట్టుకొని వచ్చిండే. గుంజ చుట్టూ కొలిచిండు. ఎవలియి అన్నడు. మాయి అంటే పట్కపోతరు. రాజువి అంటే ముట్టరనుకున్న."

"మరి ఏనుగుల పేర్లెందుకు చెప్పినవ్?"

"అడిగిండు. చెప్పకుంటే అనుమానం రాదా?"

బాపు అరుస్తాడనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "గియ్యి లారీల ఎక్కించినప్పుడు నువ్వే కదనే ముందు కూసున్నవ్" అన్నాడు. అవ్వ కాయలతో పాటు ఈనెలు కూడా గిన్నెలోనే వేస్తోందని నేను చూశాను. కోపం వచ్చింది, జాలి కూడా వచ్చింది, రెండూ ఒకేసారి.

నాలుగిళ్ల వాళ్లు కలిసి సారును పిలిపించారు. కాక కూడా వచ్చి నిలబడ్డాడు. అందుకు నాకు ఆశ్చర్యం వేసింది, ఆయన ఎందుకొచ్చాడా అని కాస్త అనుమానం కూడా వచ్చింది. బాపు అంతా చెప్పాడు, మునిగిన ఊరు, లారీ, పడుగు. సారు ఓపికగానే విన్నాడు, కానీ ముఖంలో నమ్మకం లేదు. ఆ ముఖం నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ చూసేదే.

"అప్పుడొకటి చెప్పి ఇప్పుడొకటి చెప్తే నేనేం చెయ్యాలె? జాగా కోసం ఎవరో నేర్పిచ్చిన్రని పైవాళ్లు అనరా? అవ్వనే చెప్పమనుండ్రి."

అవ్వను పట్టుకుని తీసుకొచ్చాను. పడవ దిగిన జనం అప్పటికే గుమిగూడి ఫోన్లు పైకి ఎత్తారు. సారు గుంజ వైపు చెయ్యి చూపి అడిగాడు.

"అవ్వా, ఈ గుంజలు ఎవలియి?"

"పడుగు కడుతున్నం" అంది అవ్వ.

"కట్టుడు కాదవ్వా. ఎవలియి?"

అవ్వ సారును వదిలేసి నది వైపు చూసింది. బాపు చెయ్యి కటకటాల మీద ఉంది, వేళ్లు తెల్లబడేలా పట్టుకున్నాడు. ఆమె అది చూసింది.

"మాయి" అంది. మళ్లీ అంది. "మా వాడకట్టువి. మా ఊరియి. రాజు లేడు, ఏనుగు లేదు. మాయి."

నా జన్మలో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

సారు గడ్డం గోక్కుంటూ బోర్డు వైపు చూశాడు. తాళంచెవి తీసి బాపు చేతిలో పెట్టాడు. పొద్దున పని చేసుకుని మళ్లీ తాళం వేయమన్నాడు, బోర్డు సంగతి పైన మాట్లాడతానన్నాడు. ఇచ్చినవాడు ఎప్పుడైనా తిరిగి అడగొచ్చని మర్నాడే నేను ఇంకో తాళంచెవి చేయించి బియ్యం డబ్బాలో దాచాను. బోర్డు ఇంకా అట్లాగే ఉంది. గైడు ఇప్పటికీ ఏనుగుల పేర్లు చెప్తాడు. పడుగు మాత్రం మళ్లీ గుంజల మధ్య బిగుసుకుంది. బాపు మగ్గం ఇప్పే మాట మళ్లీ ఎత్తలేదు.

అవ్వ మాత్రం మారిపోయింది. గడప మీద కాకుండా గుంజ పక్కన కూర్చుంటుంది. ఆ వానాకాలం ఎగువన డ్యాం గేట్లు ఎత్తారని, నది నిండుగా వస్తోందని జనం కుటుంబాలతో సహా చూడటానికి పోతున్నారు. అవ్వ వానలో కొంగు కప్పుకుని గుంజకు ఆనుకుని కూర్చుంది. ఇంట్లోకి రమ్మంటే రాలేదు.

"నీళ్లు ఏడిదాక వచ్చినయే?" అంది.

"ఘాట్ కాడనే ఉన్నయవ్వా. ఇటు రావు."

"ఎవలు చెప్పిండ్రు?"

"అందరూ అంటుండ్రు."

"అప్పుడు గూడ గట్లనే అన్నరు. మాయి అన్న కదనే బిడ్డా, నోరు జారి అన్న. జర పోయి నీ కండ్లతోని చూసి రా."

గొడుగు తీసుకుని ఘాట్ దాకా పోయాను. నీళ్లు పైనున్న ఆఖరి మెట్టుకు కాస్త కింద ఉన్నాయి. ఆ మెట్టు తడుస్తుందేమోనని నేనూ అక్కడే చాలాసేపు నిలబడి చూశాను.