మావయ్య వేసిన జడ

ఆ రోజుల్లో నేను రక్తం కలిపేవాణ్ణి. కంగారుపడకండి, సినిమా రక్తం. ఇప్పుడంతా కంప్యూటర్లోనే పోసేస్తున్నారు గానీ, అప్పట్లో పంచదార పాకంలో ఎర్రరంగు, చిటికెడు కాఫీపొడి వేసి తిప్పితే చూసినవాడికి కళ్లు తిరగాల్సిందే. (చీమలకు మాత్రం పండగే.) పేరుకు అసిస్టెంట్ డైరెక్టర్ని, చేసేది ఈ వంట. ఓ చిన్న ఊళ్లో ఇడ్లీ బండి నడుపుకునే మొగుడూ పెళ్లాం కలిసి స్మగ్లర్ల ముఠాను చితక్కొట్టడం మా సినిమా కథ. జనాన్ని నవ్వించాలి, రౌడీలను నరకాలి, రెండూ ఒకే షాటులో జరిగిపోవాలి. ఆఖరి ఫైటు భీమిలి చేపల మార్కెట్లో పెట్టుకున్నాం.

ఆ రోజు హీరోయిన్‌కు డూపుగా చెయ్యాల్సిన అమ్మాయి జ్వరంతో పడుకుంది. పొద్దు వాలేలోగా ఎవరో ఒకరిని పట్టుకొచ్చి షాటు అయ్యేలా చూడకపోతే నన్ను బస్సెక్కించేస్తానని డైరెక్టరుగారు అందరి ముందూ అనేశారు. బస్సెక్కితే తిన్నగా మా నాన్న దగ్గరికే. పోర్టులో నాకు గుమస్తా ఉద్యోగం కోసం ఆయన అప్పటికే ఎవరెవరితోనో మాట్లాడి పెట్టుకున్నారు. అంటే నా సినిమా బతుకంతా ఆ ఒక్క షాటు మీదే ఆధారపడి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, అదే మార్కెట్లో చేపలమ్మే మా అత్త.

మా నాన్నకు చెల్లెలే గానీ, ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ మనిషి. ఎంత పెద్ద వంజరం చేపైనా ఆవిడ చేతిలో రెండు నిమిషాల్లో ముక్కలైపోతుంది. టైలరు మావయ్య ఆవిడ భుజం దాకా వస్తాడంతే. ఆయన గొంతు కంటే ఆయన కుట్టుమిషను చప్పుడే మాకు బాగా తెలుసు. ఈ జంటను చూసి వీధి వీధంతా ముసిముసిగా నవ్వుకునేది. పైగా అత్త చేతులకు ఎప్పుడూ నీచు వాసన కాబట్టి, రోజూ పొద్దున్నే ఆవిడ తలకు నూనె రాసి, చిక్కు తీసి, జడ అల్లేది మావయ్యే. (అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే.)

అడగ్గానే అత్త ఒప్పేసుకుంది. ఫైటరొకడు వెనకనుంచి వచ్చి జడ పట్టుకుని గుంజుతాడనీ, అంతా నటనేననీ ఆవిడకు వివరంగా చెప్పాను. మావయ్యకు మాత్రం, అత్త కెమెరాకు వీపు పెట్టి నిలబడితే చాలని చెప్పి ఊరుకున్నాను. నిజం చెబితే వద్దంటాడేమోనని నా భయం. అంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో చెయ్యలేదు.

షాటు మొదలైంది. నేను కలిపిన రక్తంలో ముప్పైమంది రౌడీలు దొర్లుతున్నారు. తలుపంత మనిషి ఒకడు వచ్చి అత్త జడ పట్టుకుని గుంజాడు. అంతే, చేపల బుట్టల వెనక నిలబడ్డ మావయ్య మెడలో టేపుతో సహా కెమెరా ముందుకు నడిచి వచ్చేశాడు. పరుగెత్తలేదు, అరవలేదు. ఫైటరు మణికట్టు మీద రెండు వేళ్లు వేసి, చొక్కా కొలత చెబుతున్నంత నెమ్మదిగా అన్నాడు.

"బాబూ, ఆ జడ నాను ఏసింది. ఒగ్గెయ్."

వాడు వదిలేశాడు. రెండో చేతిలోని రబ్బరు కత్తి కూడా కింద పడేశాడు. చచ్చిపడున్న రౌడీలంతా తలలెత్తి చూస్తున్నారు. కట్ చెప్పాల్సిన డైరెక్టరుగారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. ఇన్నాళ్లూ నేను నవ్వింది ఈ మనిషిని చూసా అని నాకు సిగ్గేసింది.

అత్త మొహం ఎర్రగా చేసుకుని, "ఏటి మావా సేత్తన్నావ్? ఇది సినిమా," అని కసిరింది.

"సినిమా సినిమాయే. జడ నిజం కాదేటి?" అంటూ మావయ్య చెదిరిన పాయలు విప్పి, అంత జనం ముందూ మళ్లీ అల్లడం మొదలెట్టాడు.

ఆ జడ పూర్తయ్యేసరికి పొద్దు కాస్తా వాలిపోయింది. నేను సంచి సర్దుకున్నాను. డైరెక్టరుగారు మాత్రం ఆ ముక్కనే మానిటర్లో నాలుగుసార్లు వేయించుకుని చూసి, నన్ను బస్సెక్కించే సంగతే మరిచిపోయారు. మర్నాడు హీరో చేత అదే మాట అనిపించి, ఫైటు అక్కడితో ఆపేశారు. విశాఖలో మొదటాటకు అత్తనూ మావయ్యనూ తీసుకెళ్లాను. చేతులు తెగిపడుతుంటే ఈలలు వేసిన జనం, ఆ మాట దగ్గర గప్‌చుప్‌ అయిపోయారు. మావయ్య అప్పటికే అత్త భుజం మీద వాలి నిద్రపోతున్నాడు.

మొన్న మద్దిలపాలెంలో బస్సెక్కుతుంటే ఒక కుర్రాడు మా ఆవిణ్ణి తోసుకుంటూ ముందుకెళ్లాడు. ఇన్నేళ్లకు నా వంతు వచ్చిందనుకున్నాను. వాడి మణికట్టు మీద రెండు వేళ్లు వేసి, సరిగ్గా అదే నెమ్మదితో, "బాబూ, ఆవిడ నా భార్య," అన్నాను. వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూడా తియ్యకుండా, "జరగండి అంకుల్," అని లోపలికి పోయాడు. మా ఆవిడ సింహాచలం దాకా ఆపకుండా నవ్వుతూనే ఉంది. కానీ దిగేవరకూ నా చెయ్యి వదల్లేదు.