చెవి లేని కమ్మలు

వరదలో పోయినవి ఎనభై ఏడు గొర్రెలు. వాటిలో ఇరవై రెండు చూలువి, కడుపులో ఉన్న పిల్లల్ని నేను లెక్కలో వేయలేదు. ఒక కుక్క. మంద చుట్టూ కట్టే వల, రెండు గొంగళ్లు, ఒక సంచిలో వంట సామాను, మా వదిన చెప్పులు, మా అన్న సెల్లు. మిగిలినవి తొమ్మిది గొర్రెలు, ఇద్దరు మనుషులు. మనుషుల్ని ముందు చెప్పాల్సింది.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర పనిచేస్తాను. ఏడో తరగతితో బడి మానేశాను, నాకు వచ్చిన లెక్కలు వడ్ల బస్తాల మీద వచ్చినవే. మా అన్న మోతె దగ్గర మా ఊళ్లోనే ఉండి గొర్రెలు కాసేవాడు. ఆయన మందలో తొంభై ఆరు ఉండేవి. అరవై రెండు సొంతవి, ముప్పై నాలుగు పాలువి. పాలు అంటే వాటా. కూలి చేసుకునే ఇళ్లవాళ్లు, మగదిక్కు లేని ఆడవాళ్లు చేతిలో కాస్త మిగిలితే ఒక గొర్రెను కొని కాపరి మందలో వదులుతారు. మేపడం కాపరి పని. పుట్టిన పిల్లల్లో సగం వాళ్లకు, సగం కాపరికి. తల్లి గొర్రె మాత్రం ఎప్పటికీ ఇచ్చినవాళ్లదే. దీనికి కాగితం ఉండదు. తొమ్మిది ఇళ్లవాళ్లు మా అన్న మొహం చూసి అలా ఇచ్చారు.

వరదకు ముందటేడు కరువు. పెద్ద కాలువకు నీళ్లు వదల్లేదు. నాట్లు లేవు కాబట్టి గడ్డి లేదు, పొలాలు తవ్విపోసిన సున్నంలా తెల్లబడ్డాయి. మా అన్న మందను కాలువలోకే దింపాడు. ఎండిన కాలువ అడుగున ఇంకా కొంత తుంగ ఉండేది. ఆ వేసవిలో చాలా రోజులు గొర్రెలు కాలువలోనే నడిచాయి, కట్ట నీడలోనే పడుకున్నాయి. తుంగ అయిపోయాక మఠంపల్లి వైపు, కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయాడు. అక్కడికి అందరి మందలూ వచ్చి ఉన్నాయి. గొర్రెలు గోడల మీది పోస్టర్లు నమిలాయి. ఎండదెబ్బకు నిలబడ్డవి నిలబడ్డట్టే కూలేవి.

నలభై గొర్రెలకు బీమా ఉంది. బీమా ఉన్నవాటి చెవికి పసుపు పచ్చ ప్లాస్టిక్ ట్యాగు కుడతారు, దాని మీద నంబరు ఉంటుంది. "మీ వదినకు ఇంత తులం బంగారం చేపియ్యలే గాని, గొర్లకు కమ్మలు పెట్టిచ్చిన తమ్మీ" అని మా అన్న నవ్వేవాడు. వదిన ఊరుకునేది కాదు. "నాకు గూడ గొర్ల డాక్టరు తోనే కుట్టియ్యి, నీకు ఖర్చు తప్పుతది" అనేది.

కరువులో ఆ నలభైలో తొమ్మిది చచ్చాయి. చచ్చిన గొర్రెను డాక్టరు వచ్చేదాకా కదపకూడదు. ఆయన వచ్చి, చూసి, ట్యాగుతో సహా చెవి కోసి తీసుకుపోతాడు. అప్పుడే డబ్బులు. ఆ ఎండలో శవం పక్కన కాకుల్ని తోలుకుంటూ అన్న కూర్చునేవాడు. ఆలస్యంగానైనా తొమ్మిదింటికీ డబ్బులు వచ్చాయి. పోయినవాటి బదులు కొన్నాడు. మంద మళ్లీ నిండింది.

మరుసటేడు వానలు ముందే పట్టుకున్నాయి. మొదట్లో అందరం సంతోషించాం. తర్వాత ఆగలేదు. తడి ఆరక గొర్రెల గిట్టలు చీకిపోయాయి, ట్యాగు కుట్టిన చోట చెవులు పుండ్లు పడి ఈగలు ముసిరాయి, పురుగులు పడ్డాయి. కాపరులు ఇలాంటప్పుడు చేసే పనే మా అన్న చేశాడు. ముప్పై ఒక్క ట్యాగులూ బ్లేడుతో కోసి తీసేసి, పుండ్లకు వేపనూనె పూశాడు. ట్యాగుల్ని పారేయలేదు. కట్టుతీగకు గుచ్చి ఇంటి దూలానికి వేలాడదీశాడు. వాన తగ్గాక మళ్లీ కుట్టించాలనుకున్నాడు. మా వైపు ఏ కాపరి ఇంటికి పోయినా అలాంటి తీగ ఒకటి కనిపిస్తుంది.

"చెవే కుళ్లిపోతుంటె కమ్మ దేనికి? ముందు గొర్రె బతకాలె" అన్నాడు నాతో.

ఆ నెలలో మంద కోదాడ అవతల ఒక రైతు పొలంలో ఉంది, అన్నా వదినా దానితోనే ఉన్నారు. పొలంలో మంద పడుకుంటే పెంటికలే ఎరువు, దానికి రైతు కాపరికి వడ్లు కొలుస్తాడు. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన. తెల్లవారేసరికి వాగు పొలంలోకి పాకింది. అన్నకు వాగంటే భయం. అందుకే మందను వాగుకు దూరంగా, ఎత్తుగా ఉన్న కాలువ కట్ట కిందికి తోలాడు. ముందటి వేసవిలో తన గొర్రెల్ని కాపాడిన కట్ట. పొద్దు కాస్త పొడవగానే ఆ కట్టే తెగింది.

వదిన చెప్పింది ఇంతే. వెనక నుంచి లారీ వచ్చినట్టు చప్పుడు అయిందట. గొర్రెలు పరుగెత్తలేదట. భయపడితే గొర్రెలు ఒకదానిలో ఒకటి తల దూర్చుకుంటాయి. అలా ముద్దగా ఉన్నప్పుడే నీళ్లు వాటిని ఎత్తుకుపోయాయి. వీళ్లిద్దరికీ తుమ్మచెట్టు దొరికింది. "మీ అన్న చెట్టు మీదికెళ్లి హూయ్ హూయ్ అని పిలుస్తనే ఉన్నడు. అవి ఆయన దిక్కు ఈదుకుంట రావాలని సూసినయి" అంది.

నేను చేరేసరికి మర్నాడయింది. బస్సులు హుజూర్‌నగర్‌లో ఆగిపోయాయి. అక్కడి నుంచి ఒక ట్రాక్టరు ఎక్కాను. అన్న రైతు కొట్టంలో ఎవరో ఇచ్చిన లుంగీతో కూర్చున్నాడు. "నువ్వు లెక్కపెట్టు తమ్మీ, నాతోని అయితలేదు" అన్నాడు.

లెక్కపెట్టాను. వరి పొలాల మీద మోకాలి లోతు ఇసుక. కంచెల్లో, తూముల్లో, మోటారు పైపుల మధ్య ముప్పై మూడు దొరికాయి. యాభై నాలుగు దొరకలేదు. దొరికినవి ఉబ్బిపోయి ఉన్నాయి. వాటి చెవులకు కంతలున్నాయి కాని ట్యాగుల్లేవు.

ట్యాగుల తీగ పట్టుకుని సూర్యాపేటలో బీమా ఆఫీసుకు పోయాం. అక్కడి అబ్బాయి చెడ్డవాడు కాదు. మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. తీగ బల్ల మీద పెడితే గలగలమంది.

"ఇవి చెవులకు ఉండాలె గద పెద్దాయనా?"

"పుండ్లయినయి సారూ. పురుగులు పడ్డయి. నేనే తీసిన."

"నువ్వు నిజమే చెప్తున్నవ్. కాని గిట్ల ట్యాగులు తీసి, గొర్లను అమ్ముకొని, పోయినయని వచ్చేటోళ్లు గూడ ఉన్నరు. నేను పైకి ఏం రాయాలె?"

మిగిలిన తొమ్మిదిలో నాలుగింటి చెవులకు కంతలున్నాయని, అంటే బీమా ఉన్నవాటిలో పోయినవి ఇరవై ఏడని నేను చెప్పాను. దొరికిన శవాల చెవులు చూసుకోవచ్చన్నాను.

"కంతకు నంబరుండదు కదన్నా" అన్నాడు.

బీమా రాదని అక్కడే తేలిపోయింది. అన్న తీగను తీసుకోబోతే, ట్యాగులు ఆఫీసువి కాబట్టి అక్కడే పెట్టి పొమ్మన్నారు. వరద సాయం వైపు కూడా తిరిగాం. మనిషిది ఒక మండలం, గొర్రెలు పోయింది ఇంకో మండలం. ఇక్కడికి పోతే అక్కడ రాయించుకోమన్నారు, అక్కడికి పోతే ఇక్కడ. చివరకు ఎక్కడా పేరు ఎక్కలేదు.

ఊళ్లో పాలువాళ్లు వచ్చారు. ఎవరూ గొడవ చేయలేదు, ఒక్కామె తప్ప. నాట్లకు పోయి దాచుకున్న కూలితో రెండు గొర్రెలు ఇచ్చిన మనిషి. ఆదివారం ప్రార్థన నుంచి నేరుగా వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఏమన్నా, నా రెండు గొర్లు ఈతకొట్టుకుంట సముద్రం చూడబోయినయా? ఎప్పుడొస్తయంట?"

"నీయి నీకిస్త చెల్లె."

"ఏడికెల్లి ఇస్తవ్? ఒంటి మీద బట్ట గూడ ఎవలో ఇచ్చిందేనాయె." ఆ మాట అన్నాక ఆమే ఏడ్చింది. "బిడ్డ కాలేజీ ఫీజుకని పెట్టుకున్ననన్నా" అంది.

ఆమె పోయాక అన్న, మిగిలిన తొమ్మిదీ పాలువాళ్లకే ఇచ్చేస్తానన్నాడు. ఇంటికొకటి. నేను వద్దన్నాను. తొమ్మిదిలో ఏడు ఆడవి. రెండేళ్లు ఓపిక పడితే పిల్లలవుతాయి, నాలుగేళ్లలో అందరివీ తీరిపోతాయి, మళ్లీ మంద నిలబడుతుంది. వేళ్ల మీద చేసి చూపించాను.

"నీ లెక్కల వాన ఏడ పడ్డది, ఎండ ఏడ కొట్టింది?" అన్నాడు అన్న. "నాలుగేండ్లు కరువు రాదని రాసిస్తవా? మునగదని రాసిస్తవా?"

రాసివ్వలేనన్నాను. వదిన లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా ఇంటికొకటి తోలి వచ్చాడు. ఆ రోజుతో మా ఇంట్లో గొర్రె లేదు. మా తాత పుట్టకముందు నుంచీ అలాంటి రోజు మా ఇంటికి లేదు.

ఇప్పుడు అన్న నేను పనిచేసే మిల్లులోనే హమాలీ. యాభై దాటిన నడుముతో బస్తాలు మోస్తాడు. మిల్లు గేటు ముందు పచ్చి వడ్ల ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, ఏ ఊరివని కాదు, అక్కడ వాన పడిందా అని అడుగుతాడు. కూలి మిగిల్చి గొర్రెను కొంటాడు. దాన్ని ఒక్క పూట కూడా ఉంచుకోడు, ఆ రోజే పాలువాళ్లకు చేరుస్తాడు. ఇప్పటికి అలా ఆరు ఇచ్చాడు. ఆరోదాన్ని తోలుకుపోయేటప్పుడు దారిలో కాసేపు మేపుకున్నాడని వదిన చెప్పింది.

ఈ వేసవి మళ్లీ కాలువ ఎండింది. నాట్ల కూలి ఆమెకు ఇచ్చిన గొర్రె వడదెబ్బకు పోయింది. ఆమె అన్నను ఏమీ అనలేదు, ఎదురుపడితే మాట వరసకు చెప్పింది. అన్న ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, అది కూడా బాకీలో కలపమన్నాడు.

"ఇచ్చినంక చస్తే నీకేం సంబంధం?" అన్నాను.

"నేనే కాస్తే చచ్చునా?"

కరువులో ఆయన కాసినవే తొమ్మిది చచ్చాయని నాకు గుర్తుంది.

నా లెక్కలో ముప్పై నాలుగుకు తొమ్మిది పోను, ఆరు పోను, పంతొమ్మిది. ఆయన లెక్క వేరే. తీర్చేది ఆయన కాబట్టి ఆయన చెప్పిందే లెక్క. ఈరోజుకు ఇవ్వాల్సినవి ఇరవై గొర్రెలు.