గడప దగ్గర ఒక జత చెప్పులు

ఎదురింటి అత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను ప్రొద్దుటూరులో చీరల అంగట్లో ఉన్నాను. వచ్చే నెలాఖరుకు మా ఆయన తుమ్మలపల్లె గనిలో రిటైరవుతాడు. ఆ ఫంక్షన్‌కు వచ్చేవాళ్లకు పెట్టే చీరలు చూస్తున్నాను. అత్తకని పక్కన పెట్టించిన ఆకుపచ్చ చీర అలాగే వదిలేసి పులివెందుల బస్సెక్కాను. దారంతా కుదురుగా కూర్చోలేకపోయాను. ఏడుస్తూనే ఒకటే ఆరాటం, ఇప్పుడు మా ఆయనకు ఎవరు చెప్తారని.

మీ వీధిలో ఎలాగో గానీ, మా వీధి ఆడవాళ్లకు మధ్యాహ్నమైతే అత్త ఇల్లే. శనక్కాయలు ఒలుచుకుంటూ, కాళ్లు బారజాపుకుని, జడలు విప్పుకుని కడుపునిండా మాట్లాడుకునేవాళ్లం. అంతకుముందు మూలింట్లో కూర్చునేవాళ్లం. ఆ ఇంటాయన రిటైరై వసారాలో కుర్చీ వేసుకున్నాడు. పాపం మంచివాడే, "రాండమ్మా" అని నోరారా పిలిచేవాడు. వారం తిరక్కుండా అందరం మానేశాం. ఆయన భార్య మాత్రం పొద్దంతా ఆయనకు టీలు పెట్టుకుంటూ ఉండిపోయింది.

తర్వాత అత్త భర్త, మా మామ, అదే గనిలో రిటైరయ్యాడు. మొదటిరోజే మా మధ్యకొచ్చి కూర్చుని, "ఏం కూరలు చేసినారమ్మా?" అన్నాడు. అందరం కొంగులు సర్దుకుని నోళ్లు మూసుకున్నాం. మర్నాడు భోజనం కాగానే అత్త ఆయన చేతికి గొడుగిచ్చింది.

"యాడికి పోవాల్నే?" అన్నాడు మామ.

"యాడికన్నా పో. మద్యాన్నం డ్యూటీ ఉందనుకో. వచ్చేటప్పుడు గడప కాడ చెప్పులు చూసుకో. నా చెప్పులొకటే ఉంటే లోపలికి రా."

నాకు మనసు చివుక్కుమంది. ఆ ఎండలో పెద్దాయన్ని తోలడమేంటని అడిగేశాను.

"నీకు తెలీదులేమ్మే. ఇంట్లో కూసున్న మొగోడు పొద్దుపోక కూరలో ఉప్పు చూస్తాడు. నాకు నలుగురు కావల్ల, మీ మామకూ నలుగురు కావల్ల. ఇద్దరికీ ఈ ఒక్క హాలు సాలదు."

మామ మొదట్లో గొణిగాడు. బస్టాండు ముందు టీ అంగట్లో తనలాంటి వాళ్లు జమయ్యాక, అన్నం తింటూనే గొడుగు వెతుక్కునేవాడు. సాయంత్రం వీధి మలుపులో ఆగి ఆ గడప వైపు తొంగి చూసేవాడు. "మీ మామ చెప్పులు చూస్తాండాడు, ఇంగ లేయండి" అని అత్త మమ్మల్ని లేపేది. ఆ తర్వాత అంగడి కబుర్లు ఆయన, మా కబుర్లు ఆమె చెప్పుకుని నవ్వడం మా ఇంటిదాకా వినిపించేది. అన్నేళ్లు మేం నలుగురం కలిసి నవ్వుకున్నామంటే ఆమె చలవే.

ఇక మా ఆయన. కొద్దిరోజులుగా ఆయనకూ నిలకడ లేదు. "పెండ్లిళ్లలో ఏం చేస్తాండావంటే ఏం చెప్పాల? కంపెనీ బస్సు లేకుంటే నాతో మాట్లాడేదెవరు?" అంటూ గదుల్లో తిరుగుతుంటాడు. వరండాలోకి కొత్త కుర్చీ కూడా తెచ్చాడు. దాన్ని చూస్తేనే నాకు మూలిల్లు గుర్తొస్తుంది. అత్త పోయేముందు వారమే ఆమెతో చెప్పుకున్నాను.

"నేనొచ్చి చెప్తాలే. మొదటిదినమే చెప్పల్ల. రెండో దినానికి కుర్చీ మరుగుతాడు" అని నవ్వింది.

దివసాలు అయ్యాయి, బంధువులు వెళ్లిపోయారు. మేం ఎక్కడా కలవడం లేదు. ఆడదిక్కు లేని ఇంట్లోకి వెళ్లి కూర్చోలేం. మా ఇంటికి రమ్మంటే మిగతా ఆడవాళ్లు, "ఇంగ నెల దినాలకేనా? తర్వాత మీ ఆయన ఇంట్లోనే ఉంటాడు గదా" అన్నారు.

నిన్న మధ్యాహ్నం మామ గొడుగు తీసుకుని బయటికి పోవడం కిటికీలోంచి చూశాను. ఇప్పుడు ఎవరికి చోటివ్వడానికి పోతున్నాడు? ఏడుపొచ్చింది. సాయంత్రం తిరిగొచ్చి, అలవాటుగా వీధి మలుపులో ఆగి గడప వైపు చూశాడు. అత్త బట్టలన్నీ తీసేశారు గానీ, ఆమె చెప్పులు తీయాలని ఎవరికీ తోచలేదు. గడప దగ్గర అవొక్కటే ఉన్నాయి.

మామ అడుగులు వడివడిగా పడ్డాయి. తన చెప్పులు వాటి పక్కన విడిచి తలుపు తోశాడు. తాళం వేసి ఉంది. ఆ చెప్పుల వైపు చూసి, జేబులో తాళంచెవి కోసం వెతుక్కున్నాడు.