నీలం కోటు

మాది పొదటూరుపేట. తిరువళ్లూరు దగ్గర ఒక కంపెనీలో నాకు వారానికొక షిఫ్టు. మా ఆయన ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో పనిచేస్తూ ఆదివారం మాత్రమే ఇంటికి వస్తాడు. రెండేళ్ల పాప ఉంది, పగటి షిఫ్టే ఇమ్మని మూడుసార్లు అడిగాను. సూపర్‌వైజరు "చూద్దామమ్మా" అనేవాడు. పాపను చూపు సరిగా ఆనని పక్కింటి అవ్వ దగ్గర వదిలేదాన్ని. నీలం యూనిఫాం కోటు, మాస్కుతోనే వెళ్లి, వాటితోనే వచ్చి ఎత్తుకునేదాన్ని.

ఒకరోజు కంపెనీ బస్సు తప్పి, గంట ఆలస్యంగా వచ్చాను. ఉక్క భరించలేక కోటు, మాస్కు తీసి సంచిలో పెట్టాను.

"ఏమ్మే, మళ్లా వచ్చినావు? ఇందాకే బిడ్డనెత్తుకోని పోతివి కదా!" అంది అవ్వ.

"నేనా?"

"నువ్వే. అదే నీలం కోటు, మూతికి మాస్కు. బిడ్డ 'అమ్మా' అంటా వీధిలోకి ఉరికె."

ఇంటికి పరిగెత్తాను. పొద్దున వేసిన తాళం వేసినట్టే ఉంది.

బస్టాపుకు ఉరికాను. బెంచీ మీద అటు తిరిగి, అచ్చం నాలాగే నీలం కోటులో ఒకామె కూర్చుని ఉంది. ఆమె భుజం మీద నా పాప తల.

మా కంపెనీ మనిషే. "బస్సు దిగి నడస్తా ఉంటే వచ్చి కాళ్లు పట్టుకునిందక్కా. ఎవురి బిడ్డో తెలీక ఈడనే కూర్చోనుండా" అంది.

చేతులు చాచాను. పాప నా మొహంలోకి చూసి, ఆ కోటునే ఇంకా గట్టిగా పట్టుకుంది. సంచిలోంచి నా కోటు తీసి తొడుక్కున్నాకే నా దగ్గరికి వచ్చింది.

మర్నాడు నాలుగోసారి అర్జీ పెట్టాను. కారణం అన్నచోట "నా బిడ్డకు నా మొహం తెలియాలి" అని అరవంలో రాశాను. పగటి షిఫ్టు ఇచ్చారు.

ఇప్పటికీ కోటు విప్పకుండా మా వీధిలో అడుగు పెట్టను.