ఎడమ పక్క అరుగుదల

మేస్త్రికి మనుషుల మొహాలు తొందరగా గుర్తుండవు, చెప్పులు గుర్తుంటాయి. లారీ రిపేరు షెడ్డు గుమ్మం ముందు విప్పిన జోడు చూసి, ఎవరి మడమ ఏ పక్కకు అరిగిందో, ఎవరు ఏ భుజం మీద బరువు మోస్తారో ఇట్టే చెప్పేస్తాడు. వంటమనిషి చెప్పులు మునివేళ్ల దగ్గర అరుగుతాయి, ఎప్పుడూ పొయ్యి మీదికి వంగే ఉంటాడు కనుక. మేనేజరుగారి చెప్పులు ఎటూ అరగవు. ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఈ పిచ్చి అతనికి పుట్టుకతో వచ్చింది కాదు, బండి అంటించింది. బండి అంటే కొండ మీది రాళ్ల క్వారీలో ఉన్న పెద్ద ఫోర్‌వీల్ లారీ. నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరుగుతాయి కాబట్టి, వాన పడి దారంతా బురదైనా కొండెక్కగలిగేది అదొక్కటే. పైకి నీళ్లూ సరుకులూ మోస్తుంది, కిందికి రాయి దింపుతుంది. దారేమో కొండ చుట్టూ మరచుట్టులా తిరిగి ఉంటుంది. దిగేటప్పుడు అన్నీ కుడి మలుపులే, మచ్చుకు ఒక్క ఎడమ మలుపు లేదు. కుడి పక్క కొండ, ఎడమ పక్క లోయ.

నిండా రాయి వేసుకుని అలా కుడికి తిరుగుతూ దిగితే బరువంతా ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది. బరువు తగ్గిన కుడి చక్రాలు బ్రేకు తగలగానే బిగుసుకుని కంకర మీద హాయిగా జారిపోతాయి. ఎడమవి పాపం మోస్తూ, తిరుగుతూ, రాపిడి ఓర్చుకుంటూ దిగాలి. అందుకే బండి బరువు మోసే కమాను పట్టీలు ఎడమ పక్కవే ముందు కుంగుతాయి, చక్రాన్ని లోపల్నుంచి ఒత్తి ఆపే బ్రేకు షూలు ఎడమ పక్కవే ముందు అరుగుతాయి. అవి అరిగాక ఆ పక్క పట్టు తగ్గి, బ్రేకు కొట్టినప్పుడల్లా బండి కుడికి, అంటే కొండవైపుకు లాగుతుంది.

కొత్త సామాను అడిగితే కంపెనీ "వస్తోంది, దారిలో ఉంది" అనేది. ఆ దారి ఏదో ఎవరికీ తెలియదు. అప్పట్లో మేస్త్రి పడుచువాడు, చేతులు కట్టుకుని కూర్చోలేకపోయాడు. ప్రతి చక్రంలోనూ రెండు షూలుంటాయి కదా, ఎడమ చక్రంలోంచి అరిగింది ఒకటి తీసి కుడికి వేశాడు, కుడిలోంచి బాగున్నది ఒకటి తీసి ఎడమకు వేశాడు. రెండు పక్కలా సగం మంచి, సగం చెడ్డ. కమాను పట్టీల్ని కూడా అటువి ఇటు, ఇటువి అటు మార్చాడు. బండి చక్కగా నిలబడింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు, మేనేజరు భుజం తట్టాడు. సరిగ్గా ఆ రోజే మేస్త్రి తన గొయ్యి తాను తవ్వుకున్నాడు.

మాటవరసకు అనడం లేదు, నిజంగానే ఒక గొయ్యి ఉంది. షెడ్డు మధ్యలో, సిమెంటుది, నిలబడితే భుజాలు రెండూ గోడలకు రాసుకునేంత ఇరుకు. అడుగున నల్లనూనె, ఇనుప రజను. బండి వచ్చి నెత్తి మీద ఆగితే వెలుతురు పోయి, ఇరుసులూ గొట్టాలూ మాత్రమే మిగులుతాయి. ఒక్క వానాకాలం పని అని వచ్చాడు. అప్పటికి పెళ్లి కూడా కాలేదు. ఇప్పుడు కూతురు పై క్లాసులకు వచ్చింది.

కొండ కింద కంపెనీకి పెద్ద వర్క్‌షాపు ఉంది. దాని వెనక వీధిలోనే మేస్త్రి భార్యా కూతురూ ఉంటారు. ఆ వర్క్‌షాపులో చోటిమ్మని అతను అడగని ఏడు లేదు. "నువ్వు దిగితే ఈ బండిని ఎవరు చూస్తారయ్యా?" అని మేనేజరు అంటాడు. మధ్యలో వేరే మెకానిక్కులు వచ్చారు, ఆ గొయ్యి చూసి ఉన్నపళాన దిగిపోయారు. మానేసి పోదామంటే కింద చోటు కూడా పోతుంది, ఈ వయసులో కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? బండికి పెద్ద మరమ్మతు లేని ఆదివారం చూసుకుని ఇంటికెళ్లి, పొద్దు వాలేలోగా తిరిగి కొండెక్కడం, అదీ అతని సంసారం.

కిందటిసారి వెళ్లినప్పుడు కూతురు పళ్లెంలో గ్లాసు పెట్టి మంచినీళ్లు తెచ్చింది. "నాన్నా, ఇటు రా" అంటూ మెడకు వేలాడే పిల్ల, "నాన్నగారూ, మీరు ఎన్నింటికి వెళ్తారు?" అని అడిగింది. "పెద్దదవుతోంది కదండీ, మర్యాద నేర్చుకుంది" అంది భార్య, తల తిప్పుకుని. మర్యాద కాదని ముగ్గురికీ తెలుసు. చుట్టానికి నీళ్లిచ్చినట్టు ఇచ్చింది. పానా జారి వేలు చితికిన రోజున కూడా మేస్త్రికి అంత నొప్పి కలగలేదు.

అలాంటి సమయంలో కంపెనీ కొండ మీంచి రాయి దింపడానికి రబ్బరు బెల్టు వేయించింది. దానితోపాటు ఒక కబురు. తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తాడు, బండి పనికిరాదంటే తుక్కుకు అమ్మేస్తారు, పైన షెడ్డు మూసేస్తారు, మేస్త్రి కింది వర్క్‌షాపులోకి వస్తాడు. ఈసారి మేనేజరు నలుగురి ముందు మాటిచ్చాడు. ఆ సంగతి చెప్పగానే కూతురు తన పుస్తకాలు తీసేసి, అల్మరాలో ఒక అర ఖాళీ చేసిందట. "నాన్నగారి బట్టలకి" అందట. భార్య ఫోనులో చెప్పింది.

తనిఖీ ముందురోజు మధ్యాహ్నం అతను ఎడమ చక్రాల్లో షూలను కప్పి ఉండే ఇనుప డ్రమ్ములు విప్పాడు. షూల మీద రాపిడి ఓర్చే లైనింగు రేకంత పల్చబడింది. మామూలుగా అయితే చేతులు వాటంతటవే కుడి డ్రమ్ము మీదికి పోయేవి. పోనివ్వలేదు. తీసినవి తీసినట్టే మళ్లీ బిగించేసి గోతిలోంచి పైకొచ్చాడు.

గుమ్మంలో డ్రైవరు నిలబడి ఉన్నాడు. అతను మేస్త్రికి స్వయానా బామ్మర్ది, పెళ్లయిన కొత్తలో మేస్త్రే తెచ్చి పెట్టించాడు.

"ఏం బావా, షూలు మార్చలేదేం?"

"ఊరుకో."

బామ్మర్ది కాసేపు బండిని చూశాడు, కాసేపు బావ మొహం చూశాడు. అర్థమైంది. "అక్క ఏమైనా అడిగిందా?"

"మీ అక్క అడగడం ఎప్పుడో మానేసింది."

"మరి నేనేం చెయ్యాలి?"

"రేపు ఆయన బ్రేకు కొట్టమనగానే కొట్టు. బండి కొండవైపు లాగుతుంది. లాగనీ. తిన్నటి రోడ్డే, మెల్లగానే పోతారు, ఎవరికీ ఏమీ కాదు."

"బాగుంది! ఇన్నేళ్లూ లాగనివ్వకురా అని నా ప్రాణం తీశావు, ఇప్పుడు లాగనీ అంటావు" అని బామ్మర్ది నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "నువ్వు ఇంటికెళ్లు బావా. నేను చూసుకుంటాను" అన్నాడు.

పొద్దున్నే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచి మనిషి, పని తెలిసినవాడు. బండి చుట్టూ తిరిగి, పట్టీలు తట్టి, ఇంజను విని, "వయసుకు తగ్గట్టే ఉంది" అన్నాడు. ఇక మిగిలింది ఆ క్వారీలో మొదటినుంచీ ఉన్న పరీక్ష. కాటా దగ్గర తిన్నటి దిగుడు రోడ్డు మీద సున్నంతో గీత గీస్తారు. రాయి నింపిన బండిని ఆ గీత వెంట దింపుతూ గట్టిగా బ్రేకు కొట్టాలి. గీత తప్పితే బండి తుక్కే.

ఇన్‌స్పెక్టరు ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మేస్త్రి గీత చివర నిలబడ్డాడు. బండి గీత తప్పాలని కోరుకుంటూ నిలబడటం అతనికి ఇదే మొదలు. తప్పు చేస్తున్నాననిపించింది, మరుక్షణమే ఖాళీ అర కళ్లముందు మెదిలింది.

బండి దిగింది. బ్రేకు పడింది. చక్రాలు కీచుమన్నాయి. బండి గీత మీద నిలబడింది, వెంట్రుకవాసి కూడా తప్పకుండా.

మేస్త్రి కళ్లు నులుముకున్నాడు. ఇన్‌స్పెక్టరు మళ్లీ దింపమన్నాడు. మళ్లీ గీత మీదే. ఈసారి మేస్త్రి చక్రాల్ని వదిలేసి అద్దంలోంచి లోపలికి చూశాడు. బ్రేకు మీద కాలు పడుతుండగానే బామ్మర్ది ఎడమ చెయ్యి స్టీరింగును కొద్దిగా కిందికి గుంజుతోంది. బండి కుడికి లాగబోయినంత మేరా ఆ చెయ్యి ఎడమకు తిప్పేస్తోంది. ఇన్నేళ్లుగా షూలు అరిగినప్పుడల్లా, మేస్త్రి వాటిని మార్చేదాకా, బండిని అలాగే నెట్టుకొచ్చిన చెయ్యి అది. కాలు కదిలితే చెయ్యి కదులుతుంది. మధ్యలో మనిషిని అడగదు.

మూడోసారి బామ్మర్ది పళ్లు బిగించి, వేళ్లు వదులు చేసి, స్టీరింగును తాకీ తాకనట్టు పట్టుకున్నాడు. కాలు నొక్కాడు. చెయ్యి టక్కున బిగిసింది. బండి గీత మీద ఆగింది. రాయి నింపిన బండిని చేతులొదిలేసి దింపమని లోకంలో ఏ ఇన్‌స్పెక్టరూ అనడు, ఈయనా అనలేదు.

దిగివచ్చి మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "ఇంత పాత బండి ఇంత సూటిగా ఆగడం నేనెక్కడా చూళ్లేదు మేస్త్రీ! దీన్ని తుక్కుకు అమ్మడమేమిటి? రాయి బెల్టు మీద దిగుతుంది, సరే, నీళ్లు పైకెక్కాలి కదా. ఇంకా చాలా ఏళ్లు తిప్పొచ్చు."

మేస్త్రి ఎడమ చక్రం వైపు చెయ్యి చూపించాడు. "సార్, లోపల ఎడమ పక్క లైనింగు బాగా అరిగిపోయింది సార్."

"అరిగితే మార్చెయ్! అది కూడా నీకు నేను చెప్పాలా?" అని ఇన్‌స్పెక్టరు మనస్ఫూర్తిగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. మేనేజరు మళ్లీ భుజం తట్టాడు, అదే భుజం.

మర్నాడు బండి నీళ్లకు పోవాలి. అలా అరిగిన షూలతో పంపడానికి మేస్త్రికి చేతులు రావు. పంపితే వెళ్లేది భార్య తమ్ముడు. కాబట్టి మధ్యాహ్నానికల్లా అతను మళ్లీ గోతిలో ఉన్నాడు. బామ్మర్ది గట్టు మీద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంటున్నాడు. ఏడుస్తున్నాడు.

"నేను కాదు బావా. ఒట్టు. ఇవే."

"తెలుసులేరా. నాకు మాత్రం తెలియదా? ఆ పెద్ద పానా ఇలా ఇయ్యి."

డ్రమ్ము పట్టేసి ఊడిరాలేదు. సుత్తితో కొడుతుండగా జేబులో ఫోను మోగింది. నూనె చేత్తోనే తీశాడు. ఏం చెప్పాలో తెలియక, వినబడితే చాలన్నట్టు ఇంకో దెబ్బ వేశాడు. అవతల భార్య ఆ ఇనుప చప్పుడు విన్నది. బండి కింద ఉన్నాడని తెలిసిపోయింది, ఇంకేమీ అడగలేదు. కాసేపటికి ఫోను చెయ్యి మారింది.

"నాన్నగారూ, మీరు రావట్లేదా?"

"లేదమ్మా."

ఎంతో మర్యాదగా, "అయితే ఆ అరలో నా పుస్తకాలు మళ్లీ పెట్టేసుకోనా అండీ?" అంది.

"పెట్టుకో తల్లీ" అన్నాడు మేస్త్రి. ఎడమ చక్రంలోంచి అరిగిన షూ ఒకటి తీసి, కుడి పక్కకు వేయడానికి తిరిగాడు. గోతిలో అటు తిరుగుతుంటే రెండు భుజాలూ గోడలకు ఒరుసుకున్నాయి.