అందరూ వీపు తిప్పిన మైదానం

నా మీద ఉన్న అభియోగం ఇది: ఆసిఫాబాద్ అవతలి ఒక ఊరి మైదానంలో రెండు వందల మంది వీపు తిప్పి నిలబడినప్పుడు నేనొక్కదాన్నే తిప్పలేదు. మూడు వారాలుగా హాస్టల్ మెస్‌లోనూ, మా కళాశాల ఫుట్‌బాల్ జట్టు వాట్సాప్ గ్రూపులోనూ ఈ మాట తిరుగుతోంది. మూడు వారాలుగా నేను కాదనే అంటున్నాను. ఈరోజు సమాధానం రాస్తున్నాను. ఆ ఊరి పోటీలు చూడాలనుకునే వాళ్లకు దారి, వేళలు, ఖర్చు కూడా ఇందులోనే దొరుకుతాయి.

ప్రయాణానికి కారణం నా నోరే. వీడియో రిఫరీ ఆటను చంపుతోందని మా కెప్టెన్ మౌనిక, కాపాడుతోందని నేను, డిబేట్ క్లబ్‌లో ఒక సాయంత్రమంతా తలపడ్డాం. కెమెరాకు బంధుప్రీతి లేదు, భయం లేదు, మతిమరుపు లేదు అని నేను ముగించాను. "అయితే ఆ ఊరి పోటీల్లో మా ఫైనల్‌కు రా. నీ ఫోనే మాకు రిఫరీ" అంది మౌనిక. సవాలు విసిరితే వెనక్కి తగ్గే అలవాటు నాకు లేదు.

డిసెంబరు ఆదివారం ఉదయం ఐదున్నరకు కరీంనగర్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపితే మహిళలకు టికెట్ సున్నా. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, పెద్దపల్లి దాటేదాకా రోడ్డు పక్క ధాన్యం కుప్పల మీది టార్పాలిన్లు తప్ప ఏమీ కనబడలేదు. అవి ముసుగు తన్ని పడుకున్న మనుషుల్లా ఉన్నాయి. నా పక్క సీటులో రజిత, మా డిఫెండర్. మితభాషి. విశ్వవిద్యాలయ జట్టు ఎంపికలకు ప్రతి కళాశాల నుంచి ఒక్క డిఫెండరే వెళ్లాలి, ఆ పేరు పంపేది కెప్టెన్. ఈ ఫైనల్ బాగా ఆడితే ఆ పేరు తనదేనని ఆమె చెప్పింది ఒక్కసారే, అదీ కిటికీ వైపు చూస్తూ.

పది గంటలకు ఆసిఫాబాద్‌లో దిగాం. అక్కడి నుంచి ఊరికి పదిహేను కిలోమీటర్లు, ఖాజా భాయ్ జీపులో మనిషికి యాభై రూపాయలు. ఆయన ప్రతి వారాంతం విదేశీ లీగులు చూసే మనిషి, మౌనిక పక్షం. "గోల్ పడ్డంక అరుద్దామంటే, జర ఆగు, టీవీల చూస్తుండ్రు అంటరు. నా పెండ్లికి ఖాజీ సాబ్ కోసం గుడ గింత ఆగలే మేడం" అన్నాడు. బంతి చేతికి చంక మట్టం కంటే కింద తగిలితేనే హ్యాండ్‌బాల్ అనీ, చెయ్యి శరీరాన్ని అసహజంగా పెద్దది చేస్తోందా అన్నది కూడా చూడాలనీ నేను నియమం వివరించాను. "అంటే చేతులు ఇంట్ల బెట్టి రావాలె" అని ఆయన తేల్చేశాడు. జీపంతా నవ్వింది. టేకు అడవిలోకి దిగాక నవ్వు దానంతటదే ఆగిపోయింది. గాలి లేకున్నా పెద్ద పెద్ద ఆకులు ఒక్కొక్కటీ రాలుతున్నాయి.

ఊరిలో జంగుబాయి అనే పెద్దావిడ ఆటగాళ్లందరికీ జొన్న రవ్వతో గట్టిగా ఉడికించే గట్క, పప్పు వండి పెడుతుంది. ముప్పై రూపాయలు, ఎంత తింటే అంత. ఆ మైదానపు ఆనవాయితీ ఆమె నోటనే విన్నాను. బంతి చేతికి తగిలిందా లేదా అని తగువు వస్తే అక్కడ రిఫరీ తీర్పు చెప్పడు. ఆరోపణ పడ్డ ఆటగాడిని బంతితో వదిలి, ఆటగాళ్లు, జనం, రిఫరీ అందరూ వీపు తిప్పి నిలబడతారు. తగలలేదనుకుంటే అతను బంతిని తన్నాలి. ఆ చప్పుడు అందరికీ వినబడుతుంది. తగిలిందనుకుంటే చప్పుడు లేకుండా నడిచివచ్చి రిఫరీ వీపు తట్టాలి. చూడకుండా నిజం ఎలా తేలుతుందని నేను వాదనకు దిగాను. ఆమె గరిటె ఆపింది. "సూస్తుంటే భయం మాట్లాడుతది బిడ్డ. సూడకుంటేనే మనిషి మాట్లాడుతది. గా ఫోను గుడ తిప్పుతవు గద?"

తిప్పుతానన్నాను.

ఆట రెండున్నరకు మొదలైంది. ఫోనును కార్నర్ జెండా దగ్గర స్టాండుకు బిగించి, నేను ఎదుటి గీత దగ్గర నిలబడ్డాను. చివరి నిమిషాల వరకు ఇరువైపులా గోల్ లేదు. అప్పుడు ప్రత్యర్థి ఆసిఫాబాద్ జట్టు అమ్మాయి కొట్టిన బంతి మా పెనాల్టీ పెట్టెలో రజితకు తగిలి పక్కకు పోయింది. కేకలు లేచాయి. రిఫరీ ఈల వేసి, బంతిని రజిత పాదాల ముందు పెట్టి, వెనుదిరిగాడు.

రెండు వందల మంది తిరిగారు. బట్టల రాపిడి ఒక్కసారి వినబడి ఆగిపోయింది. కుక్క మొరగలేదు, ఎవరూ దగ్గలేదు. నాకు గుర్తున్నవి మైదానం అంచున, నా ఎదుట ఉన్న టేకు మొదళ్లే: సున్నంతో వేసిన నంబర్లు, నలభై ఒకటి నుంచి నలభై ఏడు దాకా. వాటిని వరుసగా చదువుతూ బంతి చప్పుడు కోసం ఎదురుచూశాను. రాలేదు. కాసేపటికి రిఫరీ ఈల వినబడింది. పెనాల్టీ. ఒక గోల్ తేడాతో ఓడిపోయాం.

తిరుగు జీపులో ఎవరూ రజిత పక్కన కూర్చోలేదు. మౌనిక వీడియో పెట్టమంది. రజిత నా చెయ్యి పట్టుకుంది. "నాకు తగిలినట్టే అనిపించింది. గదే అడిగిండ్రు, గదే చెప్పిన. చూడకు." నేను మాటిచ్చాను. మర్నాడు మెస్‌లో రజితను వెనకేసుకొస్తూ, ఆమె మొదట జెర్సీ చేతిని తుడుచుకుని, ఆ తర్వాతే రిఫరీ వైపు నడిచిందని అన్నాను. మౌనిక పళ్లెం పక్కకు జరిపింది. "నువ్వు వీడియో చూడలే. మరి నీకెట్ల ఎరుక?" అభియోగం అక్కడ పుట్టింది.

నిన్న మధ్యాహ్నం గ్రంథాలయంలో కూర్చుని వీడియో చూశాను. మాట తప్పాను, ఈ రెండో అభియోగం నా మీద నేనే మోపుకుంటున్నాను. ఫోను కూడా తిప్పలేదు; ఇది మూడోది. బంతి ఎక్కడ తగిలిందని అడగకండి. ఒక ఫ్రేమ్ దగ్గర ఆపితే భుజం, తర్వాతి ఫ్రేమ్ దగ్గర ఆపితే చెయ్యి. ఏది కావాలనుకుంటే అది చూపిస్తుంది. ఆ నిశ్శబ్దం నాకు అర నిమిషంలా గడిచింది. వీడియోలో నాలుగు నిమిషాలుంది. ఆ నాలుగు నిమిషాలూ ఫోను పక్కన ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుంది. పక్కన ఎవరూ లేరు. గాలి కావచ్చు.

ఎదుటి గీత దగ్గర, వీపుల వరుసలో, ఒక ముఖం స్పష్టంగా ఉంది. కళ్లార్పకుండా రజితనే చూస్తున్న ఆ ముఖం నాది. అయితే ఆ ఏడు నంబర్లు ఎప్పుడు చదివానో నాకు తెలియదు.

కాబట్టి అభియోగాన్ని అంగీకరిస్తున్నాను, ఒక్క పదం తప్ప: "ఒక్కదాన్నే." ఆ ఊరివాళ్లు ఒక్కరూ వెనక్కి చూడలేదు. మన జెర్సీలు వేసుకున్నవాళ్లలో మాత్రం ఇటు తిరిగిన ముఖాలు ఇంకా ఉన్నాయి. పేర్లు చెప్పను. కెమెరాకు భయం లేదన్నది నిజమే. కానీ ఆ మైదానంలో భయం లేకుండా నిలబడింది ఎవరూ చూడటం లేదని నమ్మిన రజిత ఒక్కతే. ఆమెను మీరు జట్టు నుంచి తప్పించారు. వెళ్లేవాళ్లకు ఒక సలహా: తిరుగు జీపు ఐదింటికే, తర్వాత దొరకదు, ఆట మొదలయ్యేముందే ఫోను స్విచాఫ్ చేసి సంచిలో వేయండి, తిప్పుతానని మాటిచ్చి మరిచిపోకండి.

ఇక నా డిమాండ్. విశ్వవిద్యాలయ ఎంపికలకు పేరు పంపే గడువు శనివారం. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మన మైదానానికి అందరూ రండి. మధ్యలో రజిత వెనుదిరిగి నిలబడుతుంది. మనమూ ఆమెకు వీపు తిప్పి నిలబడదాం. ఆ రోజు చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి ఆమె వీపు తట్టండి. మొదట నేను వెళ్తాను. ఎన్నిసార్లు తట్టారో రజిత లెక్కపెట్టాక, డిఫెండర్‌గా ఎవరి పేరు పంపాలో అప్పుడు చెప్పండి.